ఉదయాన మునగాకు అంబలి

నాట్లకు వెళ్లే తల్లులు అనేకులు పొద్దున్నే టీ నీళ్లతో సరిపెట్టుకొనుచున్నారు. రక్తం తక్కువైన ఒంటికి అది చేటు. తిండిలోని ఇనుమును టీ సరిగా పట్టనివ్వదు. పెరట్లో మునగచెట్టు ఉండగా ఈ లోటెందుకు?

రాత్రి నాలుగు చెంచాల రాగిపిండిని గ్లాసు నీళ్లలో కలిపి ఉంచండి. ఉదయం రెండు గ్లాసుల ఎసరు మరిగాక అందులో పోసి, ఉండకట్టకుండా కలుపుతూ ఉడికించండి. ఈనెలు తీసిన లేత మునగాకు గుప్పెడు వేసి, ఐదు నిమిషాలాగి దించి, పప్పుగుత్తితో ఎనపండి. పచ్చరంగు చూసి పిల్లలు ముఖం తిప్పుకుంటారు (మా ఇంట్లోనూ అంతే!). బాగా మెత్తగా ఎనిపితే తాగేస్తారు. ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యాకే నిమ్మకాయ పిండాలి. ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడే విటమిన్ సి వేడికి పోతుంది.

టీ మానలేనివారు గంట ఆగి తాగండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం, అంబలి ఉంది కదా అని మానవద్దు.