తాగింది లెక్కలోకి రాదా?

"నేను తినేది ఎంతండీ! పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి రెండు పుల్కాలు. అయినా ఒళ్ళు తగ్గదేం?" అని వాపోయే గృహిణులు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధమేమీ కాదు. తిన్నదంతా చెప్పారు. చెప్పనిది తాగినదే!

లేవగానే ఓ కాఫీ. పిల్లల్ని స్కూలుకి పంపి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక తీరిగ్గా ఇంకోటి. నాలుగింటికి టీ. పక్కింటావిడ వస్తే ఆవిడతోపాటు మరోటి. ఇవేవీ తిండి కిందికి రావని మన నమ్మకం. "నీళ్ళేగా, ఒంటపట్టవులే" అనుకుంటాం. ఆ నమ్మకంతోనే ఒళ్ళు తగ్గడానికి పప్పూ, కూరా తగ్గించేసి నీరసం తెచ్చుకుంటాం. ఇందులో నిజమెంతో ఓసారి చూద్దాం.

ఒంటపట్టడంలో తేడా లేదు

పంచదార గ్రాముకి 4 క్యాలరీలు. దాన్ని లడ్డూలో తిన్నా, షర్బత్‌లో తాగినా చిన్నప్రేగులు దాదాపు పూర్తిగా పీల్చుకుంటాయి. తాగితే కొంత పోతుందన్నది వట్టి భ్రమ. పైగా ఘనాహారాన్ని పొట్ట మెత్తగా మెదిపి, కొద్దికొద్దిగా కిందికి వదలాలి. పంచదార నీళ్ళకి ఆ పనే లేదు, త్వరగా దిగిపోతాయి. అందుకే షుగరు మందులు వాడేవాళ్ళకి చక్కెర బాగా పడిపోయి చెమటలు పట్టినప్పుడు, స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగిస్తారు. అప్పుడు ఆదుకునే ఆ వేగమే, అవసరం లేకుండా రోజూ తాగేవాళ్ళకి చేటు చేస్తుంది.

నిజం చెప్పాలంటే, కొంత ఒంటపట్టకుండా పోయేది కొన్ని గట్టి పదార్థాల్లోనే. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో బాదంపప్పు మీద పరీక్షలు చేశారు. 28 గ్రాముల బాదంకి పాత లెక్క ప్రకారం సుమారు 170 క్యాలరీలు రావాలి. తిన్నవాళ్ళకి అందింది 129 మాత్రమే. ఎంత నమిలినా పగలని గింజ కణాల్లోని కొవ్వు జీర్ణం కాకుండానే బయటికి పోయిందన్నమాట.

కడుపు రాసుకోని పద్దు

అసలు తేడా ఆకలి దగ్గర వస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలేటప్పుడు, అది పొట్టలో కాసేపు నిలిచినప్పుడు, "తిండి అందింది, ఇక చాలు" అన్న కబురు మెదడుకి చేరుతుంది. గటగటా తాగేసినదానికి ఆ కబురు సరిగా అందదు.

1977లో బ్రిటన్‌లో ఓ చిన్న పరీక్ష జరిగింది. పదిమందికి యాపిల్‌ని మూడు రకాలుగా ఇచ్చారు. ఒకసారి పండు, ఒకసారి గుజ్జు, ఒకసారి రసం. మూడింటిలోనూ పిండిపదార్థం సమానమే. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులోనే రసం అయిపోయింది! కడుపు నిండినట్టు ఎక్కువగా అనిపించింది పండుకి, తక్కువగా అనిపించింది రసానికి. రసం తాగాక ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఊరింది.

2000లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన మరీ ఆసక్తికరం. పదిహేనుమందికి రోజూ 450 క్యాలరీలు అదనంగా ఇచ్చారు. నాలుగు వారాలు జెల్లీ మిఠాయి బిళ్ళలుగా, మరో నాలుగు వారాలు కూల్‌డ్రింక్‌గా. మిఠాయి తిన్న రోజుల్లో వాళ్ళు తమకి తెలియకుండానే మిగతా భోజనం తగ్గించుకున్నారు. కూల్‌డ్రింక్ తాగిన రోజుల్లో భోజనం ఏమాత్రం తగ్గలేదు. బరువు పెరిగింది కూడా ఆ వారాల్లోనే.

మన వంటింటి లెక్క

ఓ కప్పు కాఫీకి 100 మి.లీ. టోన్డ్ పాలు పోస్తే సుమారు 60 క్యాలరీలు. రెండు చెంచాల పంచదారకి 40. మొత్తం 100. రోజుకి నాలుగు కప్పులంటే 400 క్యాలరీలు. నూనె వెయ్యని చిన్న పుల్కాలు అయిదు తిన్నట్టే! అయిదు పుల్కాలు తిన్నాక ఎవరైనా భోజనానికి కూర్చోగలరా? నాలుగు కాఫీలు తాగి మాత్రం హాయిగా కూర్చుంటాం.

300 మి.లీ. కూల్‌డ్రింక్‌లో సుమారు ఆరు చెంచాల పంచదార ఉంటుంది. చెరుకురసంలో 100 మి.లీ.కి 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని, దాన్ని తగ్గించమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. బత్తాయి రసమైనా అంతే. గ్లాసు నిండాలంటే మూడు, నాలుగు కాయలు పిండాలి. పీచు జల్లెడలో మిగిలిపోతుంది. అదే కాయ ఒలుచుకుని తొనలు తింటే ఒకటిన్నరకే "ఇక చాలు" అంటాం.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారూ గమనించాలి. పగలంతా పాలు, కాఫీలు, పళ్ళరసాలు తాగుతూ ఉంటే కడుపు ఖాళీగా అనిపిస్తుందే గానీ ఒంటికి ఉపవాసం కాదు.

అన్ని ద్రవాలూ ఒకటి కాదు

వేడివేడి కూరగాయల సూపు కడుపు నింపుతుంది. చెంచాతో నెమ్మదిగా తాగుతాం, మధ్యలో ముక్కలు నములుతాం కాబట్టి. భోజనానికి ముందు తీసుకుంటే నాలుగు ముద్దలు తక్కువే తింటాం. పెరుగు కొంచెం, నీళ్ళు ఎక్కువ పోసి చిలికిన పల్చటి మజ్జిగ గ్లాసుకి 30 క్యాలరీలు మించదు. దాన్ని లస్సీ చేసి మూడు చెంచాల పంచదార వేస్తే మరో 60 చేరతాయి.

జ్వరం పడి లేచినవాళ్ళకి, పళ్ళు లేక నమలలేని అత్తగారికి, మామగారికి ఇదే సూత్రాన్ని తిరగేసి వాడుకోవచ్చు. కడుపు నిండిపోయిందనిపించకుండా బలం చేరాలంటే పాలు, రాగిజావ చక్కటి మార్గం.

ఇలా చేసి చూడండి

* మూడు రోజులపాటు తాగినవన్నీ క్యాలెండరు మీద రాయండి. చక్కెర చెంచాలు పక్కన వేయండి.
* ఇంట్లో దాహానికి ముందు మంచినీళ్ళే ఇవ్వండి. పిల్లలకి పండు కోసి పెట్టండి, రసం తియ్యకండి.
* కాఫీ, టీల్లో పంచదార వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది.
* భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దు. తిన్న ఆకుకూరలోని ఇనుము ఒంటపట్టకుండా అవి అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఇది తప్పక పాటించాలి.
* షుగరుకి మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరుని అడిగాకే మార్పులు చేసుకోవాలి.
* విడిగా కలిపే పంచదార, తేనె, పళ్ళరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజుకి 50 గ్రాములు దాటకూడదని, 25కి తగ్గిస్తే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 25 గ్రాములంటే అయిదు చెంచాలు. పొద్దున్నే మీ వాటా అయిదు చెంచాలు ఓ చిన్న డబ్బాలో పోసుకోండి. ఆ రోజుకి అదే మీ పంచదార. సాయంత్రం టీ వేళకి డబ్బాలో ఎంత మిగిలిందో చూడండి. ఇక పప్పూ, కూరా మానుకోవాల్సిన పని ఉండదు.