రోగి ఒక్కడు, చీటీలు మూడు

ధర్మవరములో ఒక నేతగానికి జ్వరము వచ్చినదనుకొందాము. ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్త ఆ సంగతి వ్రాసికొన్నది. అతడు పెనుకొండలోని బంధువుల యింటికి పోయి, అక్కడి వైద్యునికి చూపించుకొన్నాడు. డెంగీ కావచ్చునని వైద్యుడు వ్రాసినాడు. హిందూపురములో నెత్తురు పరీక్షించి, డెంగీయే అని తేల్చినారు. మూడూ ఒకే రైలుదారి మీది ఊళ్లే. రోగి ఒక్కడే, వట్టి అంకెలు కూడినచో ముగ్గురు!

2004లో మన దేశమున ఆరంభమైన సమగ్ర వ్యాధి నిఘా పథకములో ఈ చీటీలకు ఎస్, పి, ఎల్ అని పేర్లు. మొదటిది లక్షణము, రెండవది అనుమానము, మూడవది నిర్ధారణ. ఇవి వారమున కొకసారి మొత్తములుగా పైకి పోయెడివి. డెంగీని మోయు ఈడిస్ దోమ గ్రుడ్డు నుండి రెక్కలు విప్పుటకు వారము, పది దినములు చాలును. లెక్క చేరునప్పటికి కొత్త దోమలు లేచి యుండును. పైగా ఆ దోమ సాధారణముగా కొన్ని వందల గజములకు మించి ఎగురదు. కనుక నీళ్ల తొట్లు బోర్లించవలసినది నేతగాని వీధిలో. పరీక్ష జరిగిన హిందూపురములో కాదు.

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మొదలగు ఏడు రాష్ట్రములలో మొదలై, 2021 ఏప్రిల్ 5న దేశమంతటికి వచ్చిన సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక ఈ చిక్కు విప్పుటకే ఏర్పడినది. అందులో రోగివారీ వివరము, ఊరి గుర్తుతో, ఏ రోజు కారోజు చేర్చవచ్చును. వైద్యుని అనుమానమునకు ప్రయోగశాల ఫలితము జతపడును.

ఇందులో సున్న కూడ ఒక వార్తయే. జ్వరములు లేవని సున్న పంపిన ఊరు వేరు, ఏమియు పంపని ఊరు వేరు. రెండవ చోట కార్యకర్తయే జ్వరముతో పడుకొని యుండవచ్చును!