బాయొనెట్లను తుప్పు నుంచి కాపాడిన ప్యాకింగ్

తుపాకీ గొట్టం కొసన తగిలించే కత్తిని బాయొనెట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఈ కత్తులను లక్షల సంఖ్యలో తయారుచేయించి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల అవతల పోరాడుతున్న సైన్యాలకు పంపింది. ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన కత్తి సైనికుడి చేతికి అందేలోపు రైలు వ్యాగన్‌లో, డిపోలో, ఓడ అడుగున, ఒక్కోసారి వానకు తడిసే సముద్ర తీరాన కూడా ఉండాల్సి వచ్చేది. ఉక్కుకు తేమ, ఉప్పు తగిలితే తుప్పు తప్పదు. అందుకే కత్తిని తయారుచేయడం ఎంత ముఖ్యమో, చెడకుండా చేర్చడమూ అంతే ముఖ్యమైంది.

1922లో ఆగిపోయిన ఎం1905 రకం బాయొనెట్ల తయారీ 1942లో మళ్లీ మొదలైంది. ఈసారి ఆ పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. అమెరికన్ ఫోర్క్ అండ్ హో, యూనియన్ ఫోర్క్ అండ్ హో కంపెనీలు అంతకుముందు పొలం పనిముట్లు, తోట పనిముట్లు చేసేవి. వనైడా కంపెనీ చెంచాలకు, యూటికా కట్లరీ చాకులకు పేరు పొందాయి. మొదట్లో కత్తి అలుగు 16 అంగుళాలు ఉండేది. 1943లో 10 అంగుళాల అలుగుతో ఎం1 రకం వచ్చింది.

తుప్పు నుంచి రక్షణ ఫ్యాక్టరీలోనే మొదలయ్యేది. అలుగును ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి పార్కరైజింగ్ చేసేవారు. దీనివల్ల ఉక్కు మీద మెరుపు లేని బూడిదరంగు పొర ఏర్పడుతుంది. ఆ పొరలోని సన్నటి రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి. అయితే సముద్ర ప్రయాణానికి ఈ పొర ఒక్కటే చాలదు.

తర్వాతి దశ శుభ్రపరచడం. వేలిముద్రలోని చెమటలో ఉప్పు, ఆమ్లాలు ఉంటాయి. గ్రీజు పూయకముందే అలుగు మీద వేలిముద్ర పడితే, గ్రీజు కింద ఆ గుర్తు ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది. అందుకని లోహాన్ని ద్రావకంతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఒట్టి చేతులతో తాకకుండా జాగ్రత్తపడాలి.

శుభ్రం చేసిన లోహానికి కాస్మోలిన్ వంటి రక్షక గ్రీజు పట్టించేవారు. పెట్రోలియం నుంచి తీసిన ఈ గోధుమరంగు పదార్థం వేడి చేస్తే కరుగుతుంది, చల్లారాక మైనంలా గడ్డకడుతుంది. లోహానికి గాలి, నీరు తగలకుండా అడ్డుపడుతుంది. దానిపై గ్రీజును పీల్చుకోని కాగితం చుట్టేవారు. మామూలు కాగితం చుడితే అది గ్రీజును లాగేసుకుని లోహాన్ని బయటపెడుతుంది. ఇలా చుట్టిన వస్తువులను అట్టపెట్టెల్లో సర్ది, నీరు చొరని కాగితం పరిచిన చెక్కపెట్టెల్లోకి చేర్చేవారు. మేకులు కొట్టి, ఉక్కు పట్టీలు బిగించేవారు. లోపల వస్తువులు కదిలితే కాగితం చిరిగి గ్రీజు చెరుగుతుంది. కాబట్టి పెట్టెలో ఖాళీ లేకుండా సర్దడం కూడా రక్షణలో భాగమే.

యుద్ధం తొలి రోజుల్లో ఈ ఏర్పాట్లు సరిపోలేదు. పసిఫిక్ దీవుల్లో రేవులు గానీ గిడ్డంగులు గానీ లేనిచోట సరుకును ఒడ్డునే దించేసేవారు. వానకు అట్టపెట్టెలు నానిపోయేవి, చెక్కపెట్టెలు పగిలేవి, వాటిపై రాతలు చెరిగిపోయేవి. ఈ సమస్యను విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ చేపట్టింది. అక్కడ నిండు పెట్టెలను పెద్ద డ్రమ్ములో వేసి దొర్లించి, ఏ మూల ముందు విడిపోతుందో, ఏ మేకు ఊడుతుందో చూసేవారు. ఆ ఫలితాలను బట్టి చెక్క మందం, మేకుల సంఖ్య, పట్టీలు ఉండాల్సిన చోటు నిర్ణయించారు. తడికి త్వరగా లొంగని గట్టి అట్టపెట్టెలూ వాడుకలోకి వచ్చాయి. సైన్యంలో ప్యాకింగ్ చేసేవారికి ఆ సంస్థే శిక్షణ ఇచ్చింది.

పెట్టె మీది రాతకూ ఎంతో విలువ ఉండేది. లోపల ఏముంది, ఎన్ని ఉన్నాయి, బరువెంత, ఎంత చోటు పడుతుంది అన్న వివరాలను అచ్చురేకుతో రంగు వేసి రాసేవారు. ఓడలో చోటు కరువు కాబట్టి బరువుతో పాటు ఘనపరిమాణమూ తెలియాలి. గమ్యస్థానాన్ని మాత్రం బాహాటంగా రాసేవారు కాదు. దాని బదులు నాలుగు ఇంగ్లిష్ అక్షరాల సంకేతం ఉండేది. బ్రిటన్‌కు పంపే సరుకుకు ‘అగ్లీ’, అందులో ఉత్తర ఐర్లండ్‌కు ‘బ్యాంగ్’ అనే సంకేతాలు వాడారు. పెట్టెలు రైళ్లలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి రేవులకు చేరి, లిబర్టీ తరహా సరుకు ఓడలకు ఎక్కేవి.

గమ్యం చేరాక చివరి శ్రమ సైనికులది. గడ్డకట్టిన గ్రీజును వేడినీటితోనో, కిరోసిన్ వంటి ద్రావకంతోనో వదిలించి, తుడిచి, పల్చగా నూనె పూసిన తర్వాతే ఆయుధం వాడకానికి పనికివచ్చేది. అత్యవసర సమయంలో ఈ జాప్యం పెద్ద ఇబ్బంది. 1940లలో షెల్ కంపెనీ రూపొందించిన ఆవిరి రక్షక రసాయనాలు దీనికి మరో మార్గం చూపాయి. వాటిని పూసిన కాగితం చుడితే, అందులోంచి వెలువడే ఆవిరే లోహం మీద కంటికి కనిపించని పొరగా నిలిచి తుప్పును ఆపుతుంది. గ్రీజు వదిలించే పని ఉండదు. నేటికీ యంత్రభాగాలను ఎగుమతి చేసే పరిశ్రమలు ఇదే పద్ధతిని వాడుతున్నాయి.