రసాయన ప్రమాదములు – రక్షణోపాయములు

నేటి నాగరిక జీవనమున రసాయన ద్రవ్యముల ఉపయోగము ఇంతింత యని చెప్పనలవి కాదు. పైరులకు వేయు ఎరువుల తయారీకి గంధకికామ్లము, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లము కావలెను. త్రాగునీటిని శుభ్రపరచుటకు క్లోరిన్ కావలెను. మంచుగడ్డలను తయారుచేయు కర్మాగారములలోను, శీతల గిడ్డంగులలోను అమ్మోనియాను వాడుదురు. తమ పాత్రలలో అణగియున్నంత కాలము ఇవి మానవునికి సేవకులు. పాత్ర పగిలి బయటపడినచో శత్రువులు. పొయ్యిలోని నిప్పు అన్నము వండును; ఇంటికప్పు నంటుకొన్న నిప్పు కొంపనే కాల్చును. వీని సంగతియు నంతియే.

ఇట్టి ద్రవ్యములలో కొన్ని తాకినచోట నెల్ల కాల్చి తినివేయును. వీనిని దాహక ద్రవ్యము లందురు. గాఢమైన ఆమ్లములును, కాస్టిక్ సోడాయును ఇట్టివి. మరికొన్ని పీల్చినను, మ్రింగినను, చర్మము గుండా లోనికి ఇంకినను ప్రాణహాని కలిగించును. ఇవి విషద్రవ్యములు. క్లోరిన్ వంటి వానిలో ఈ రెండు గుణములును కలవు.

రోడ్డుపై ఒక ట్యాంకరు బోల్తాపడి ద్రవము ఒలుకుచున్న దనుకొందము. చూచినవారు జాలిగుండెతో డ్రైవరును రక్షింప పరుగెత్తుదురు. ధైర్యము గొప్ప గుణమే. కాని తెలివి తోడులేని ధైర్యము ఆపదలో నున్నవారి సంఖ్యను మరి యొకటి పెంచును. కావున మొదటి కర్తవ్యము దూరముగా నిలుచుట. రెండవది ఒలికిన పదార్థ మేదియో తెలిసికొనుట. ఇట్టి వాహనములకు ఒక సూచికాఫలక ముండవలెనని చట్టము విధించినది. దానిపై పదార్థము పేరు, ఐక్యరాజ్యసమితి నిపుణులు నిర్ణయించిన నాలుగంకెల సంఖ్య, సహాయమునకు టెలిఫోను సంఖ్య ఉండును. 1830 అని యున్నచో సల్ఫ్యూరిక్ ఆమ్లము, 1017 క్లోరిన్, 1005 అమ్మోనియా. పరీక్షనాళికలనుండి ద్రవము చేతిపైనను, లోహముపైనను పడుచున్నట్టి బొమ్మ దాహక ద్రవ్యమునకు గుర్తు. పుఱ్ఱెయు ఎముకలును విషమునకు గుర్తు.

పేరు తెలియనిచో ఎంత కీడు కలుగునో భోపాలు చాటినది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి అచటి పురుగుమందుల కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడెను. నిద్రలేచిన ప్రజలకు అది ఏ వాయువో, ఎటు పోవలెనో తెలియలేదు. వేలకొలది రోగులు వచ్చిపడిన ఆసుపత్రులలో వైద్యులకు సైతము దేనికి చికిత్స చేయుచున్నారో తెలియలేదు. వేలాది ప్రాణములు పోయెను.

వాయువు వెలువడినపుడు గాలికి ఎదురుగా గాని, అడ్డముగా గాని పోవలెను. గాలి వీచు దిక్కునకు పరుగెత్తరాదు. బరువైన వాయువులు నేల నంటి పల్లములలో నిలుచును. కావున మెట్టకు చేరవలెను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురములో ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వ్యాపించెను. అది గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది. నిద్రలో నున్న గ్రామమును అది క్రమ్ముకొనెను. పదిమందికి పైగా మరణించిరి. పోలీసులు, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము వారు చుట్టుప్రక్కల గ్రామములను ఖాళీ చేయించిరి. పదార్థము పేరు తెలిసియుండుటచే, తొట్టిలోని వేడిని పెంచుచున్న రసాయన చర్యను అరికట్టు మందును గుజరాతునుండి విమానమున తెప్పించి వాడగలిగిరి.

దాహక ద్రవము నేలపై ఒలికినపుడు నిపుణులు మూడు వలయములు ఏర్పరతురు. లోపలి వలయములోనికి రక్షణ దుస్తులు ధరించి, వీపున గాలి సిలిండరు కట్టుకొన్నవారు మాత్రమే పోవుదురు. నడిమి వలయమున, వెలికి వచ్చినవారి దుస్తులను, శరీరములను కడిగి శుభ్రపరతురు. వెలుపలి వలయమున వైద్యులు, అధికారులు ఉందురు. మొదట ద్రవము కాలువలలోనికి, చెరువులలోనికి పోకుండ మట్టితోను, ఇసుకతోను కట్ట వేయుదురు. ఆమ్లమైనచో సోడాను గాని, సున్నపురాతి పొడిని గాని మెల్లమెల్లగా చల్లి దాని శక్తిని విరుతురు. రంపపుపొట్టును చల్లరాదు, గాఢామ్లము దానిని మాడ్చివేయును. ఆమ్లము ఇనుమును తాకినచో హైడ్రోజను పుట్టును. కావున దాపున నిప్పు ఉండరాదు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లముపై తొందరపడి నీరు పోయరాదు. కొద్ది నీరు ఎక్కువ ఆమ్లముతో కలిసినపుడు పుట్టిన వేడికి అది మరిగి నలువైపుల చిమ్మును. కాని శరీరముపై ఆమ్లము పడినచో వెంటనే ధారాళముగా నీరు పోయవలెను. ఇది విరుద్ధముగా తోచవచ్చును. శరీరముపై పడిన ఆమ్లము కొద్దిపాటిది. విస్తారమైన నీరు ఆమ్లమును, దాని వేడిని గూడ కొనిపోవును. తడిసిన బట్టలను తొలగించి, కనీసము ఇరువది నిమిషములు కడుగుచుండవలెను. కన్నులకును ఇదియే ప్రథమ చికిత్స. పిమ్మట వైద్యునికడకు చేర్చవలెను.

భోపాలు దుర్ఘటన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. 1989 నాటి నియమముల ప్రకారము, ప్రమాదకర ద్రవ్యములను పెద్దమొత్తమున నిలువచేయు కర్మాగారములు తమ పొరుగువారికి ప్రమాదస్వభావమును, రక్షణమార్గములను ముందుగా తెలుపవలెను. 1996 నాటి నియమములు జిల్లాలలో సైతము విపత్తు నిర్వహణ సంఘములను ఏర్పరచినవి. కాని చట్టము కాగితముపై నున్నంతమాత్రమున ప్రాణములు నిలువవు. దూరమున నిలిచి, ఫలకముపై సంఖ్యను చదివి, 112 సంఖ్యకు టెలిఫోను చేసి, స్థలమును, ఆ సంఖ్యను స్పష్టముగా తెలుపగల పౌరుడు, గుమికూడిన నూరుమంది కంటె ఎక్కువ మేలు చేయును. ఆపద వచ్చినపుడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు. ముందుగా నేర్చినదే అప్పుడు అక్కరకు వచ్చును.