ఆఫ్రికా అడవులలోని తోకపిగిలిపిట్ట

నల్లని తలపై కుచ్చు, వెనుక నిడుపైన తెల్లని తోక గల పక్షిని మన పిల్లలు వెదురుపొదలలో చూచియుందురు. దానిని తెలుగువారు తోకపిగిలిపిట్ట యందురు. పిగిలిపిట్టకు తోక తగిలించినట్లుండుటచే ఆ పేరు పెట్టిన వారి చూపు మెచ్చదగినది.

దాని చుట్టమొకటి సెనెగల్ మొదలు ఉగాండా వరకు గల ఉష్ణమండలారణ్యములలో నివసించును. 1837లో స్వెయిన్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. మన పిట్టకున్నంత కుచ్చు దానికి లేదు. తల నల్లన, పొట్ట యెఱ్ఱన. వీపు మాత్రము ఒకచోట యెఱ్ఱగను, వేరొకచోట బూడిదరంగుగను ఉండును. మగదాని తోకనడుమ రెండీకలు మిక్కిలి సాగియుండును. ఆడుదాని తోక పొట్టి.

అది నీడలో కొమ్మపై కూర్చుండి, ఎగురు పురుగును గాలిలోనే పట్టును. ముక్కు మొదట బిరుసువెండ్రుకలు గలవు. సాలెపురుగు దారములతో గిన్నెవంటి గూడు బిగించును. పాత పుస్తకములు దీనిని ఈగలను పట్టు పిట్టల కుటుంబమున చేర్చినవి. నేటివారు మోనార్కు కుటుంబమున చేర్చుచున్నారు. కావున పిల్లవాడు పాత పుస్తకమును చూచి వ్రాసినచో కోపింపవలదు.

ఇది దట్టమైన అడవిని కోరును. దీని జ్ఞాతియగు మఱియొక ఆఫ్రికా తోకపిగిలిపిట్ట అడవి యంచులలోను తోటలలోను సుఖముగా బ్రతుకును. అడవి నరికినకొలది అంచులు పెరుగును, మొదటిదానికి చోటు తరుగును. రెండును కలిసినచోట సంకరసంతానము కలుగుట కద్దు; అట్టి పక్షి యేదో చెప్పుటకు పండితులును తడుముకొందురు. గాంబియాలో 1968లో రక్షితప్రాంతమైన అబూకో అను చిన్న అడవిలో ఈ యెఱ్ఱపొట్ట పక్షి నేటికిని కానవచ్చును.