చీపురు కర్ర దూరే పాలరాయి

రైల్వే క్వార్టర్సులో కాపురముండేవారికి గోడలు, పైకప్పు తమవి కావు. బదిలీ ఉత్తర్వు అందిన నాడు ఇంటిని ఉన్నదున్నట్టు అప్పగించి వెళ్లవలసిందే. భోజనాల బల్లకు సరిగ్గా పైన దీపం కావాలంటే కప్పుకు రంధ్రం చేయాలి. రైల్వే కొలువులతో తరతరాల క్రితమే ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలకు సుపరిచితమైన ఈ చిక్కుకు 1962లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఒక పరిష్కారం రూపుదిద్దుకుంది. ఆ దీపం పేరు ఆర్కో. రూపకర్తలు అకీలె కాస్తిల్యోని, ఆయన అన్న పియర్ జాకొమో.

వీధి దీపస్తంభమే దీనికి ప్రేరణ. నేలపై నిలిచిన ఉక్కు కమ్మి విల్లువలె వంగి, సుమారు రెండు మీటర్ల దూరాన ఉన్న బల్లపైకి వెలుగును చేరుస్తుంది. వడ్డించేవారు పళ్లెంతో ఆ కమ్మి కిందుగా నడిచిపోవచ్చు. దీపం ఒరిగిపోకుండా అడుగున దాదాపు 65 కిలోల కరారా పాలరాయి ఉంటుంది. రాతిలో ఒక రంధ్రం ఉంది. చూసినవారు అది అలంకారమనుకుంటారు. నిజానికి అందులో చీపురు కర్ర దూర్చి, ఇద్దరు చెరొక కొస పట్టి ఎత్తితే దీపం మరో గదికి మారుతుంది.

అకీలె 1918లో మిలాన్‌లో ఒక శిల్పి ఇంట జన్మించి, 1944లో అక్కడి పాలిటెక్నిక్ నుంచి వాస్తుశిల్పంలో పట్టా పొందారు. పెద్దన్న లీవియో, పియర్ జాకొమో అప్పటికే ఈ వృత్తిలో ఉన్నారు. లుయీజి కాచ్చా దొమినియోనితో కలసి వారు రూపొందించిన ఫోనోలా రేడియో 1940 మిలాన్ ప్రదర్శనలో బేకలైట్ తొడుగుతో దర్శనమిచ్చింది. రేడియో అంటే చెక్కపెట్టె అనుకునే కాలమది.

ఉన్న వస్తువును కొత్త పనికి పెట్టడం ఈ సోదరుల అలవాటు. 1957లో ట్రాక్టరు సీటును వంగిన ఉక్కు పట్టీకి బిగించి ‘మెజ్జాద్రో’ అనే ఆసనం చేశారు. దాని ఉత్పత్తి మొదలైంది 1971లో. ట్రాక్టరు సీటును ముందుగదిలోకి ఆహ్వానించడానికి విపణికి పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట! ‘తోయో’ దీపంలో వెలిగేది కారు హెడ్‌లైటు. దాని తీగను పట్టి ఉంచేవి చేపల గాలపు కర్రకుండే రింగులు.

1968లో పియర్ జాకొమో మరణించారు. ఆపై అకీలె ఒంటరిగానే పని సాగిస్తూ టురిన్, మిలాన్ నగరాల్లో బోధించారు. తరగతికి సంచీ నిండా ఆటబొమ్మలు, ఇంటి సామాన్లు తెచ్చి విద్యార్థుల ముందు పరిచేవారు. 2002లో కన్నుమూశారు.

అయితే ఆయన ఎక్కువగా గర్వించింది ఆర్కోను చూసి కాదు, అన్నతో కలసి 1968లో రూపొందించిన ఒక చిన్న స్విచ్చిని చూసి. దీపపు తీగ మధ్యలో అమర్చే ఆ స్విచ్చి చీకట్లో తడిమినా చేతికి తెలిసిపోతుంది. దుకాణంలో దానిని కొన్నవారు రూపకర్త ఎవరని అడగలేదు. ఆయనకు నచ్చిందీ అదే.