జనశక్తి - ఉత్పాదకత

ఒక ప్రాంత సౌభాగ్యాన్ని జనసంఖ్యతో మాత్రమే కొలవలేము. పనిచేయగల వయస్సువారు ఎందరు, వారిలో ఒక్కొక్కరు సృష్టించే సంపద ఎంత అన్నవే అసలైన కొలమానాలు. ఒక శ్రామికుడు నిర్ణీత కాలంలో సాధించే ఉత్పత్తిని 'శ్రమ ఉత్పాదకత' అంటారు.

జననాలు తగ్గినప్పుడు సమాజం రెండు దశలను చూస్తుంది. మొదటి దశలో పిల్లల సంఖ్య తగ్గి, సంపాదించే వయస్సువారి నిష్పత్తి పెరుగుతుంది. కుటుంబాలు ఒక్కొక్క బిడ్డ చదువుకూ ఆరోగ్యానికీ అధికంగా వెచ్చించగలుగుతాయి. పొదుపు పెరిగి పెట్టుబడిగా మారుతుంది. రెండవ దశలో ఆనాటి యువకులు వృద్ధులవుతారు. వారి స్థానంలోకి వచ్చేవారు కొందరే. జపానులో 1990వ దశకం మధ్య నుండి పనిచేసే వయస్సువారు తగ్గుతూ వచ్చారు. అయినా ఆ దేశం యంత్రాలతో, నైపుణ్యంతో ఆ లోటును కొంతవరకు పూడ్చుకొంది. అప్పటికే అది సంపన్న దేశం.

మన రాష్ట్రానికి అంతటి వ్యవధి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం 1.7. జనాభా స్థిరంగా ఉండటానికి 2.1 అవసరం. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేయరాదని 1994లో శాసనం చేసిన రాష్ట్రమే, 2024లో ఆ నిబంధనను తొలగించింది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. జిల్లా జనాభా 1991-2001 మధ్య సుమారు 15 శాతం పెరుగగా, 2001-2011 మధ్య 11 శాతమే పెరిగింది. వర్షాధారమైన వేరుశనగ చేలో ఎందరు పనిచేసినా, వాన లేనిదే దిగుబడి పెరగదు. అందుకే యువత బెంగళూరు, చెన్నై నగరాలకు వలస వెళ్ళింది. 1985లో కరకంబాడిలో వెలసిన బ్యాటరీల పరిశ్రమ, 2008లో ప్రారంభమైన శ్రీసిటీ స్థానికంగానే ఉపాధిని కల్పించాయి. చేనును విడిచి కర్మాగారంలో చేరిన శ్రామికుని ఉత్పాదకత సాధారణంగా పెరుగుతుంది. కానీ అలా తరలివచ్చే చేతులు తరిగిపోయాక, ఉన్న చేతుల నైపుణ్యమే శరణ్యం.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐ.ఐ.టి. ఏర్పడ్డాయి. చదువుకొన్న స్త్రీలకు తగిన ఉద్యోగాలు, చేతివృత్తులవారికి శిక్షణ, వృద్ధులకు ఆరోగ్య రక్షణ లభించినప్పుడే ఈ విద్య సంపదగా మారుతుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. యువజనులు అధికంగా ఉన్న ఈ కాలమే ఆ దీపం.